పది రోజుల జ్వరం

రాజమండ్రి

బుజ్జీ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పది రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం తగులుతోందనీ, అయినా ఎగ్జిబిషన్ కోసం రాత్రి రెండింటిదాకా బొమ్మ ముందే కూర్చుంటున్నాననీ రాశావు. ఆ కిందే "దామెర్ల రామారావు గారు నా వయసుకి అన్నీ చేసేశారు పెద్దమ్మా" అని ఒక ముక్క. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

మన రాజమండ్రి చిత్రకారుడు ఆయన. పుట్టింది 1897లో, పోయింది 1925 ఫిబ్రవరిలో. 28 నిండకుండానే మశూచి తీసుకుపోయింది. 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరి, 1920లో చదువు ముగించాక ఆ మహానుభావుడికి మిగిలింది అయిదేళ్ళు. ఆ ఆయుష్షు ఆయన కోరి తగ్గించుకున్నది కాదమ్మా. నువ్వేమో ఉన్న ఒంటిని కోరి పాడుచేసుకుంటున్నావు. పది రోజుల జ్వరమంటే మాటలా? రక్తపరీక్ష చేయించావా? మెస్సులో తింటున్నావా, టీతో సరిపెడుతున్నావా? మీ అమ్మకి చెప్పలేదు, చెప్తే రాత్రి బండికే బయల్దేరుతుంది.

చిన్నప్పుడు నిన్ను గోదావరి గట్టుమీది ఆయన ఆర్ట్ గ్యాలరీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేనే. 'పుష్పాలంకరణ' బొమ్మ ముందు నుంచి కదలనని మారాం చేశావు. ఆ ఆడవాళ్ళ నడుము వంపు, జడ దగ్గరికి వెళ్ళే చెయ్యి, ఒక్క గీతలో ఎలా సాగాయో గుర్తుందా? ఆ గీత ఒక రాత్రి జాగారంతో రాలేదు. ఇక్కడి కాలేజీకి అప్పటి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కుర్రాడైన రామారావు గారి చేతిలో పస కనిపెట్టి, అజంతా చూపించి, బొంబాయి పంపించాడు. అప్పటిదాకా, ఆ తరవాతా ఆయన మనుషుల్ని చూసి గీస్తూనే ఉన్నారు. గ్యాలరీలో పెన్సిలు స్కెచ్చులు ఎన్నున్నాయో ఈసారి వచ్చినప్పుడు తీరిగ్గా చూద్దాం.

నా పదహారో ఏట కోటిలింగాల రేవులో బట్టలుతికే ఒకావిడ బొమ్మ గీస్తూ కూర్చున్నాను. ఆవిడ తడిచేతులతో వచ్చి, కాగితం లాక్కుని చూసి, "నా మెడ ఇంత పొడుగా పిల్లా? మళ్ళీ గియ్యి" అని రాతిమీద కూర్చుంది. ఎండెక్కేదాకా అలాగే కూర్చుంది తల్లి. ఆవేళ మెడ గీయడం నేర్చుకున్నాను. ఆ తరవాత నాకూ నీలాగే జ్వరం పట్టుకుంది, టైఫాయిడ్. పరీక్షలని దాచాను, రెండు నెలలు మంచం దిగలేదు. దిగాక పెన్సిలు పడితే వేళ్ళు వణికేవి. మీ తాతగారు రోజూ జావ కలిపి పక్కన కూర్చునేవారు. అందుకే చెప్తున్నాను, ముందు జ్వరం సంగతి చూడు.

ఇంకోటి. నువ్వు ఒంటరిగా గదిలో తలుపేసుకుని బొమ్మలేస్తున్నావట. రామారావు గారు అలా బతకలేదే! కలకత్తా ప్రదర్శనలో 'ఋష్యశృంగ' చిత్రానికి బహుమతి పొందిన మనిషి, ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టి పదిమందికి నేర్పారు. భార్య సత్యవాణి గారికీ, సోదరి బుచ్చికృష్ణమ్మ గారికీ కుంచె పట్టించారు. ఆయన పోయాక ఆ బడిని స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు నడిపారు. పక్కన మనుషులుండబట్టే ఆ బొమ్మలు ఇవాళ మనకి మిగిలాయి. నీ పక్క గదిలో ఉండే అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి గీసుకో. ఆ పిల్ల నీకింత చారన్నం కూడా పెడుతుంది.

నిన్ను కోప్పడుతున్నాననుకోకు నా తల్లీ. నువ్వు పంపిన ఆ ముసలాయన చేతుల స్కెచ్చు నా మంచం పక్క గోడకి అంటించాను. పొద్దున్న లేవగానే దాన్నే చూస్తున్నాను. బొటనవేలి గోరు దగ్గర నువ్వు ఆగిన చోటు చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఎదురింటి వాళ్ళబ్బాయి ఆదివారం అటే వస్తున్నాడు. అతనిచేత పూతరేకులు, సున్నిపిండి, ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. అతను వచ్చేలోపు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన రాసిచ్చిన మందుల చీటీ ఫోటో తీసి నాకు పంపు.

నీ పెద్దమ్మ