ప్రశ్నను చిన్నది చేయటం ఎలా?

మా ములకలపల్లి చుట్టూ ఉన్న అడవి పల్లెల్లో చలిజ్వరం ఎరగని ఇల్లు అరుదు. వానలు కాస్త తెరిపిచ్చాయంటే తరగతిలో ఒక్కో బెంచీ ఖాళీ అవుతుంది. అందుకే కాబోలు, ప్రాజెక్టుకు ప్రశ్న రాసుకు రమ్మంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె "మలేరియా ఎందుకు వస్తుంది?" అని రాసుకొచ్చింది.

ప్రశ్న మంచిదే. కాని జవాబుకోసం ఎక్కడికి వెళ్లాలి? ఏది చూస్తే జవాబు దొరికినట్టు? ఆ అమ్మాయి చెప్పలేకపోయింది. మీరైనా అంతే. ఇంత పెద్ద ప్రశ్నతో మన సికింద్రాబాదులో ఒక సైనిక వైద్యుడు ఎంత తిప్పలు పడ్డాడో వినండి.

ఆయన పేరు రోనాల్డ్ రాస్. మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవి ఉంటుందని 1880లోనే లావెరాన్ కనుగొన్నాడు. అది ఒకరినుంచి మరొకరికి ఎలా చేరుతుందో తెలియదు. ఇందులో దోమకు పాత్ర ఉందని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. దాంతో ప్రశ్న చిన్నదయింది: రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఆ పరాన్నజీవి ఏమవుతుంది? చూశారా, ఇప్పుడు చేయవలసిన పని కళ్లకు కడుతోంది. దోమను పట్టాలి, రోగిని కుట్టనివ్వాలి, దాని కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూడాలి.

(దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందేమోనని కూడా మాన్సన్ ఊహించాడు. రాస్ అలాంటి నీళ్లు కొందరిచేత తాగించి చూశాడు. ఏమీ తేలలేదు. ఈరోజు అలాంటి పని ఎవరూ చేయనివ్వరు, చేయకూడదు కూడా.)

1895లో సికింద్రాబాదు చేరిన రాస్ దోమ తర్వాత దోమను కోశాడు. ఫలితం సున్న. లోపం ఎక్కడుంది? 'దోమ' అన్న మాటలోనే! దోమలన్నీ ఒకటి కావు. ఆయన కోసినవి ఎక్కువగా బూడిదరంగువి, చారలవి. తన దోమలు సరైన జాతివి కావేమోనన్న అనుమానం ఆయనకే వచ్చింది. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు దొరికాయి. వాటిచేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉండే రేణువులే అవి! ఆ దోమ ఎనాఫిలిస్. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మా అమ్మాయి ప్రశ్నకూ 'ఏ దోమ, ఎక్కడ, ఎప్పుడు' అన్న మాటలు చేర్చాం. "సెప్టెంబరులో ఎనాఫిలిస్ పిల్లపురుగులు బోరింగు పక్క గుంటలో ఎక్కువా, వాగు ఒడ్డు నీళ్లలో ఎక్కువా?" ఎనాఫిలిస్ పిల్లపురుగు నీటిపై పడుకున్నట్టు తేలుతుంది, క్యూలెక్స్‌ది తలకిందులుగా వేలాడుతుంది. వారానికోసారి ఒక్కోచోట పదేసి గరిటెలు ముంచి, తెల్ల పళ్లెంలో పోసి లెక్కపెట్టాలి. వాగు దగ్గరకు పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లాలి సుమా!

గుంటలోనే ఎక్కువ ఉంటాయని ఆమె పందెం కాసింది. నాలుగు వారాల లెక్కలో గుంటలో దాదాపు అన్నీ వేలాడేవే. పడుకుని తేలేవి వాగు ఒడ్డు గడ్డి నీడలో దొరికాయి. మలేరియా ఎందుకు వస్తుందో దీంతో తేలిపోలేదు. వాగు తగ్గాక ఆ పురుగులు ఏమవుతాయో చూడాలని, జనవరి దాకా లెక్క రాస్తానంటోంది.