కారు బెల్టు టెన్షనరు: పరిశీలన, మార్పిడి

నాతవరం ప్రాంతంలో చెరకు గానుగ ఆడుతున్న చోట కొంతసేపు నిలబడిన వారికి బెల్టు స్వభావం సులభంగా బోధపడుతుంది. ఒక వైపు డీజిల్ ఇంజను, మరొక వైపు గానుగ, నడుమ పొడవైన బెల్టు. గడలు ఒక్కసారిగా ఎక్కువ పెడితే బెల్టు జారి కీచుమంటుంది. పనివాడు ఇంజను ఆపి, దానిని దిమ్మపై కొద్దిగా వెనుకకు జరిపి, బోల్టులు మరల బిగిస్తాడు. బెల్టు పాతదే; బిగువు మాత్రం సరిపడినది. కారు ఇంజనులో ఇట్లు కనిపెట్టి ఉండే మనిషి లేడు. అతని పనిని నిరంతరం తానే చేసే చిన్న పరికరం టెన్షనరు.

దీనిని గూర్చి వ్రాయుటకు ఒక కారణమున్నది. కొంతకాలం క్రిందట మేము విద్యార్థులతో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కుతున్నాము. అద్దె కారు. రెండు రోజుల ముందే కొత్త బెల్టు వేయించామని డ్రైవరు చెప్పాడు. అయినప్పటికీ తెల్లవారుజాము చలిలో కీచుమనే శబ్దం వినబడుతూనే ఉన్నది. "కొత్తది కదండీ, నాలుగు రోజులు అరుస్తుంది" అన్నాడతడు. మేమూ నమ్మాము. ఘాటు సగంలో శబ్దం ఆగిపోయింది. హమ్మయ్య అనుకునేలోగా బ్యాటరీ దీపం వెలిగింది, స్టీరింగు రాయివలె బరువెక్కింది. అది లోయ ప్రక్క మలుపు. డ్రైవరు రెండు చేతులా బలంకొద్దీ త్రిప్పి, కొండ వైపున బండిని ఆపగలిగాడు. బానెట్ ఎత్తి చూస్తే బెల్టు పుల్లీల మీద లేదు. నీటి పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే ఇంజను కావడంతో, వేడిని సూచించే ముల్లు అప్పటికే ఎర్రగీతను సమీపించింది.

నర్సీపట్నం నుండి వచ్చిన ఉస్తాదు టెన్షనరు పుల్లీని వేలితో త్రిప్పి, మమ్మల్ని చెవి దగ్గరగా పెట్టమన్నాడు. ఇసుక నలిగినట్లు గరగరలాడింది. "తప్పు బెల్టుది కాదు మాస్టారూ, దీని బేరింగు ఎప్పుడో పోయింది. దీన్ని వదిలేసి బెల్టొకటీ మార్చారు" అన్నాడు.

బెల్టు పనిచేసేది ఘర్షణ వల్ల. ఇంజను లాగే వైపు బెల్టు బిగువుగాను, తిరిగివచ్చే వైపు వదులుగాను ఉంటుంది. ఈ రెండు బిగువుల మధ్య ఎంత తేడాను బెల్టు జారకుండా తట్టుకొనగలదో 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ లెక్కగట్టి చూపాడు. పుల్లీకి బెల్టు ఎంత మేర చుట్టుకొని ఉన్నది, రెంటి నడుమ ఘర్షణ ఎంత అన్నవే అందులో ముఖ్యం. టెన్షనరును సాధారణంగా వదులు వైపున అమర్చుటకు హేతువిదే: వదులును తీసివేస్తుంది, చుట్టును పెంచుతుంది. బిగువు చాలకపోతే బెల్టు జారి కాలుతుంది. మితిమీరితే ఆల్టర్నేటరు, నీటి పంపుల బేరింగులు చెడతాయి.

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాత కార్లలో ఈ బిగువును చేతితోనే సరిచేసేవారు. బోల్టు వదులుచేసి, ఆల్టర్నేటరును బయటికి లాగి, బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కి చూసేవారు. అరంగుళం లోపు దిగితే చాలునని వాడుక. నేటి కార్లలో అనేక గాడులు గల ఒకే వెడల్పాటి బెల్టు ఆల్టర్నేటరును, ఎ.సి. కంప్రెసరును, కొన్నింటిలో స్టీరింగు పంపును, నీటి పంపును కూడా త్రిప్పుతుంది. దానిని బిగించే టెన్షనరులో బలమైన స్ప్రింగు, దానితో కదిలే చేయి, చేయి కొసన బేరింగు గల పుల్లీ, అదురును అణచే ఘర్షణ బిళ్ళ ఉంటాయి. స్ప్రింగు నీరసించినా, బిళ్ళ అరిగినా, బేరింగు పోయినా శబ్దం మాత్రం బెల్టు నుండే వస్తుంది. నింద దానిపై పడుట అందుకే. ఇక్కడ చెప్పుచున్నది ఇంజను బయటి బెల్టును గూర్చి. టైమింగ్ బెల్టు వేరు, దాని జోలికి ఈ పాఠంతో పోరాదు.

పరిశీలన రెండు విధాలు. ఇంజను నడుస్తుండగా చేతులు, దుస్తులు దూరంగా ఉంచి కేవలం చూడవలెను. టెన్షనరు చేయి కొద్దిగా కదలుట సహజం. పట్టుతప్పినట్లు అదరుట దోషం. తరువాత ఇంజను ఆపి, చల్లారనిచ్చి, తాళం తీసి దగ్గర పెట్టుకొనవలెను. చేయి మొదట ఎర్రని తుప్పుపొడి, పుల్లీ అంచుకు జరిగిన బెల్టు, ఒక ప్రక్కనే అరిగిన గాడులు ఇవన్నీ సాక్ష్యాలు. పగుళ్ళు లేవు గనుక బెల్టు బాగున్నదనుట పాత పాఠం. నేటి ఇ.పి.డి.ఎం. రబ్బరు తొందరగా పగలదు, లోలోపల అరుగుతుంది. గాడి లోతును గేజీతో చూడవలసినదే. మన మట్టిరోడ్ల ఎర్రదుమ్ము ఆ అరుగుదలను మరింత త్వరపరుస్తుంది. లక్ష కిలోమీటర్లు సమీపిస్తున్న బండికి, బెల్టు ఎట్లున్నా, ఈ పరీక్ష తప్పదు.

మార్పిడికి ముందు బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎట్లు పోయినదో కాగితంపై గీసుకొనుట మరువరాదు. ఈ ఒక్క పని చేయక పూటంతా పోగొట్టుకొన్నవారు ఉన్నారు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, పొడవాటి పానాతో టెన్షనరు చేతిని స్ప్రింగుకు ఎదురుగా నెమ్మదిగా త్రిప్పి, బెల్టును తప్పించవలెను. (పానా, పేచ్‌కస్ అన్న మాటలు ఉర్దూ, తెలుగు తరగతులు రెండింటికీ ఉమ్మడి సొత్తు, షెడ్డులో నిఘంటువుతో పనిలేదు.) చేతిని ఒక్కసారిగా వదిలితే వేళ్ళు నలుగుతాయి. బెల్టు తీసిన పిమ్మట చేయి మధ్యలో పట్టుకొనక నున్నగా కదలవలెను. పుల్లీ ఊగక, గరగరలాడక తిరుగవలెను. ఇందులో ఏది తప్పినా టెన్షనరును మార్చవలసినదే. దానిని విప్పి లోపలి స్ప్రింగును బాగుచేయబూనుట ప్రమాదకరం.

కొత్తది అమర్చేముందు అది కూర్చునే తలాన్ని శుభ్రపరచి, వెనుకనున్న చిన్న మొలక ఇంజనులోని తన రంధ్రంలో సరిగా దిగినదో లేదో చూడవలెను. అది దిగకుండా బోల్టు బిగిస్తే పుల్లీ వాలుతుంది, బెల్టు మరల జారుతుంది. ఎంత బలంతో బిగించవలెనన్నది ఆ బండి పుస్తకంలో ఉంటుంది, అంచనా పనికిరాదు. నూనె గాని, కూలెంటు గాని బెల్టుపై కారుచున్నచో ముందుగా ఆ కారుటను ఆపవలెను. బెల్టు వేసేటప్పుడు ప్రతి గాడీ తన చాలులో కూర్చున్నదని వ్రేలితో తడిమి చూడవలెను. ఒక్క గాడి ప్రక్కకు తప్పినా కొద్ది దూరంలోనే అంచు చిరుగుతుంది. గానుగ బెల్టుకు గుగ్గిలం రాచినట్లు దీనికి సబ్బు గాని మరేదైనా గాని రాయరాదు. శబ్దం మాత్రం కొంతసేపు ఆగుతుంది. ఘాటులో మమ్మల్ని మోసగించినది ఆ నిశ్శబ్దమే.

మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకొనుట మంచి అలవాటు. ఆనాటి టెన్షనరు మా బల్లపైనే ఉన్నది. విద్యార్థులు వచ్చి పుల్లీని త్రిప్పి వినవచ్చును.