దొంగనొప్పి కాదు చెల్లాయ్

చెల్లాయ్, వ్యాను వచ్చే వేళకే బుజ్జిదానికి కడుపునొప్పి మొదలవుతోందనీ, ఆదివారం పొద్దంతా గెంతిన పిల్ల చీకటి పడేసరికి ముఖం ముడుచుకుంటోందనీ చెప్పావు కదా. మీ అత్తగారేమో బడి ఎగ్గొట్టే వేషాలన్నారట. వేషాలు కావమ్మా. భయమేసినప్పుడు పిల్లల పొట్ట నిజంగానే మెలిపెడుతుంది, వాంతి కూడా అవుతుంది. బడి తప్పిందని తెలిశాక ఆ నొప్పి తగ్గిపోవడం చూసి మనం నాటకమనుకుంటాం. తప్పింది భయం, దాంతో నొప్పీ పోయింది, అంతే.

ముందు ఆ భయం ఎక్కడ ఉందో కనుక్కో. టీచరు కొడుతోందా, తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా, వ్యానులో ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తున్నారా? మెల్లగా అడుగు. అలాంటిదేమైనా ఉంటే దాన్ని ఆపాకే బడి మాట. అలాంటివేవీ లేకపోతే మాత్రం ఇంట్లో ఉంచేయకు. ఇవాళ మానిపిస్తే ఇవాళ్టికి హాయిగానే ఉంటుంది, కానీ రేపటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. టీచరుతో మాట్లాడి మొదట ఒక్క పూట, తర్వాత రెండు పూటలు, అలా అలవాటు చేయాలి.

ఇక పెద్దాడి సంగతి. నాకు వాడి గురించే ఎక్కువ బెంగగా ఉంది. మనకి దిగులొస్తే ఏడుస్తాం, మంచమెక్కుతాం. పిల్లలకీ, వయసొస్తున్నవాళ్ళకీ అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటికొస్తుంది. మాట అంటే కస్సుమంటాడు, తలుపు ధడాల్న వేస్తాడు. మనం పొగరు అంటాం. డాక్టర్లు మాత్రం పిల్లల్లో డిప్రెషన్ ఉందేమో చూసేటప్పుడు విచారంతో సమానంగా చిరాకునీ లెక్కలోకి తీసుకుంటారు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా అలాగే ఉంటే, క్రికెట్ అంటే ప్రాణమిచ్చేవాడు బ్యాటు ముట్టకపోతే, నిద్రా తిండీ తారుమారైతే, 'నావల్ల కాదు, నేనెందుకూ పనికిరాను' అంటుంటే, అది బద్ధకం కాదని గట్టిగా అనుకో. అన్నిటికంటే నాకు భయం అసలేమీ అనని పిల్లల గురించి. అల్లరి చేయరు, ఎదురు చెప్పరు. బుద్ధిమంతులని మురిసిపోయి వదిలేస్తాం.

పైగా వాడు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. వార్డెన్ ఫోనులో, వెనకాల పదిమంది వంతు కోసం నిలబడి ఉండగా, 'తిన్నావా, టెస్టులో ఎంతొచ్చింది' అని అడిగితే ఏ పిల్లాడు మనసు విప్పుతాడు? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. విశాఖలో నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులోనే 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకి మార్గదర్శకాలిచ్చింది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయొద్దంది, పిల్లల్ని నలుగురిలో అవమానించొద్దంది, వందమంది, ఆపైన పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. ఈసారి వెళ్ళినప్పుడు కౌన్సెలర్ ఎవరని ప్రిన్సిపాల్‌ని అడుగు. ఫీజు కడుతున్నాం, అడిగే హక్కు మనకుంది.

ఔటింగ్ రోజున వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయకు. బండి మీద వెళ్తూనో, నువ్వు చిక్కుడుకాయలు ఒలుస్తుంటేనో మాట కలుపు. 'ఈమధ్య నిద్ర పట్టట్లేదు కదూ, చూస్తున్నాను. ఏదైనా సరే నాకు చెప్పొచ్చు నాన్నా' అను. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో అడ్డుపడకు. పక్కింటివాళ్ళ అబ్బాయి ఊసు తేకు. వాడు చెప్పింది సాయంత్రానికి చుట్టాలందరికీ చేరకూడదు.

ఇంకొకటి అడగాలి, నోరు రాకపోయినా అడగాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?' అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకు, పుట్టదు. ఎవరో ఒకరు అడిగారని పిల్లలకి ప్రాణం తేలికపడుతుంది. అవునంటే, తిట్టకు, ఏడ్చి ఒట్టు వేయించుకోకు. వాణ్ణి ఒంటరిగా వదలకు, హాస్టల్‌కి పంపకు. చేలోకి తెచ్చిన పురుగుమందు, మామయ్యగారి మాత్రలు తాళంలో పెట్టించు. ఆ రోజే డాక్టరుకి చూపించు.

అంత దాకా రాకపోయినా చూపించాల్సిందే. ముందు మీ పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్ళు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా నీరసంగా ఉంటారు కాబట్టి ఆ పరీక్షలు చేయించి, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. పిల్లలకి చాలావరకు మాటలతోనే వైద్యం మొదలవుతుంది. మందులు రాస్తే అవి మత్తుమందుల్లా వ్యసనమవుతాయని భయపడకు. నయమైందనిపించినా డాక్టరు చెప్పకుండా మాత్రం ఆపకు. ఎవరికి చెప్పుకోవాలో తోచనప్పుడు 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తుంటే 1098.

మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనీ, తాయెత్తు కడతానంటే కట్టనీ. ఆమెకీ మనవలంటే ప్రేమే కదా. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మాత్రం వాయిదా పడకుండా చూసుకో. రేపు బుజ్జిదానికి సంబంధాలొచ్చినప్పుడు ఎవరికైనా తెలుస్తుందేమోనని మరిదిగారు వెనకాడుతున్నారన్నావు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, ఆ సంగతి ఆయనకి చెప్పు. వెళ్ళేటప్పుడు ఆయన్నీ తీసుకెళ్ళు. డాక్టరు నోట వింటే ఆయనకీ ధైర్యమొస్తుంది, ఇంటికొచ్చాక పిల్లలతో ఒకే మాట మీద ఉంటారు.