పాఠం 9: నేల రంగు ముదురుగా ఉన్న వంటింటికి తోడు రంగులు

9.1 పరిచయం

ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక వర్ణాలని, వాటిలో రెండేసి కలిస్తే నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు వస్తాయని మీకు తెలుసు. ఇప్పుడు ఆ రంగుల చక్రాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళదాం.

ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా నేల మనకంటే ముందే అక్కడ ఉంటుంది. పాత ఇళ్లలో అది తరచుగా ముదురు రంగులోనే ఉంటుంది: ఎర్ర గచ్చు, పూల సిమెంటు పలకలు, నల్లని కడప బండలు. దాన్ని పగలగొట్టి కొత్తది వేయించడం ఖర్చుతో కూడిన పని. అది పూర్తయ్యేదాకా పొయ్యి వరండాలోకి మారుతుంది. పోనీ పాడైన చోట మాత్రం బాగు చేయిద్దామంటే, కొత్తగా పూసిన ఎర్ర గచ్చు పాతదానితో కలవదు, అతుకు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి నేలను మార్చలేమనుకుని, మిగిలిన రంగులను దానికి తగినట్లు ఎంచుకోవాలి. గదికి కళ తెచ్చేందుకు కొద్ది చోట్ల మాత్రమే వాడే రంగును ఈ పాఠంలో తోడు రంగు అందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు మీ వంటింటి నేల రంగును సరిగా గుర్తించగలుగుతారు, దానికి తోడు రంగు ఎంచుకోగలుగుతారు, డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ ఎంపికను పరీక్షించుకోగలుగుతారు.

9.2 నేలను పరిశీలించడం

ఎర్ర గచ్చులో సిమెంటుతో కలిపే రంగుపొడి ఇనుప ఆక్సైడు. ఇనుము తుప్పులో ఉండేదీ అలాంటి పదార్థమే. అందుకే ఈ ఎరుపు కుంకుమ ఎరుపు కాదు, కాస్త గోధుమ వైపు మొగ్గిన ఇటుక ఎరుపు. తోడు రంగు వెతికేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. మెరిసే రక్తవర్ణం డబ్బాలు తెచ్చి ఈ నేల మీద పెడితే నేల మాసినట్లు కనిపిస్తుంది.

నేల ఎంత చోటు ఆక్రమించిందో కూడా లెక్క వేయాలి. 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు అనుకుందాం. నేల 80 చదరపు అడుగులు, పైకప్పు 80. నాలుగు గోడలు కలిపి 360. అందులో తలుపుకు 21, కిటికీకి 12 తీసివేస్తే 327. మొత్తం 487 చదరపు అడుగులలో నేల వాటా నూటికి 16 పాళ్లు. గదిలో పదో వంతు మించి గాఢమైన రంగు వద్దని అలంకరణ చేసేవారు సాధారణంగా చెబుతారు. ఎర్ర గచ్చు ఒక్కటే ఆ వాటాను దాటిపోయింది! ఇక మనం చేర్చే రంగుకు మిగిలిన చోటు చాలా కొద్ది.

9.3 ఎదురు రంగు ఎంత వాడాలి?

రంగుల చక్రంలో ఎరుపుకు ఎదురుగా ఉండేది ఆకుపచ్చ. ఇది చదివి ఒక ఇల్లాలు ఎర్ర గచ్చు ఉన్న వంటింట్లో నాలుగు గోడలకూ ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు వేయించిందనుకోండి. సూత్రం ప్రకారం తప్పు లేదు. కాని నేల మునుపటికంటే ఎర్రగా, గోడలు మునుపటికంటే పచ్చగా కనిపించి కళ్లు అలసిపోతాయి. ముదురు గోడలు వెలుతురును మింగేస్తాయి. మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరడానికి కూడా దీపం వేసుకోవాలి. మళ్లీ రంగు వేయించాలంటే మళ్లీ కూలి, మళ్లీ పెయింటు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ప్యారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్‌కు నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగుల వల్ల నలుపు అలా కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మారుస్తాయని ఆయన 1839లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఎదురు రంగులైతే ఒకదానినొకటి మరింత రెచ్చగొడతాయి.

ఎర్ర చీరకు బెత్తెడు ఆకుపచ్చ అంచు ఎంత ముచ్చటగా ఉంటుందో మీకు తెలుసు. వంటింట్లోనూ ఆకుపచ్చను అంచులాగే వాడండి. అలమర అరల ముందు అంచులు, కిటికీ ఊచలు, ఒక ముక్కాలి పీట చాలు. ఆకుపచ్చ నచ్చకపోతే నెమలికంఠం రంగు కూడా ఎర్ర గచ్చుకు బాగా నప్పుతుంది. కిటికీలో కొత్తిమీర కుండీ ఉన్నవారికి తోడు రంగు ఖర్చు లేకుండానే దొరికినట్లు.

గోడలకు మీగడ రంగు మేలు. నీలిమందు కలిపిన తెల్ల సున్నం వేస్తే, ఎండ నేల మీద పడి పైకి పరావర్తనం చెందినప్పుడు గోడ కింది భాగం పాలిపోయిన గులాబీ రంగులో కనిపిస్తుంది. మీగడ రంగులో ఆ ఛాయ కలిసిపోతుంది.

9.4 పూల పలకలు, నల్ల బండలు

తమిళనాడులోని ఆత్తంగుడిలో గాజు పలక మీద రంగుల సిమెంటు పోసి చేతితో చేసే పలకలు ప్రసిద్ధం. ఇటువంటి నేలలో మూడు నాలుగు రంగులు ముందే ఉంటాయి. బయటి నుంచి ఇంకో రంగు తేకండి. డిజైనులో అన్నిటికంటే తక్కువగా ఉన్న రంగును వెతకండి. పూవు మధ్యనున్న చిన్న పసుపు చుక్క కావచ్చు. అదే మీ తోడు రంగు. కిటికీ తెరలు పూలు లేని సాదా గుడ్డవై ఉండాలి.

కడప బండల విషయం తేలిక. నలుపు ఏ రంగుతోనూ పోట్లాడదు. అక్కడ లోటు వెలుతురుదే కాబట్టి గోడలు, పైకప్పు లేత రంగులో ఉంచండి.

9.5 కృత్యం

మూడు అట్టముక్కలు తీసుకుని మీరు అనుకున్న మూడు రంగులు వేయండి. రంగు సున్నం ఆరిన తరువాత బాగా లేతబడుతుంది కాబట్టి పూర్తిగా ఆరేవరకు ఆగండి. ఒక్కొక్క అట్టను నేలకు ఆనించి గోడకు నిలబెట్టి ఉదయం, మధ్యాహ్నం చూడండి. రాత్రి మీరు వంట చేసే దీపం కిందనే చూడండి. బల్బు పెట్టె మీద 2700 కె లేక 3000 కె అని ఉంటే దాని వెలుగు పసుపు వైపు ఉంటుంది, ఎరుపు కాంతిగా, నీలం మందంగా కనిపిస్తాయి. 6500 కె అయితే వెలుగు నీలి తెలుపు. మూడు పూటలా నచ్చిన అట్టనే ఎంచుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. మీ వంటింటి కొలతలు తీసుకుని, నేల నూటికి ఎన్ని పాళ్లో లెక్క కట్టండి.
2. ఎర్ర గచ్చు ఉన్న గదిలో నాలుగు గోడలకూ ముదురాకుపచ్చ ఎందుకు తగదు? రెండు కారణాలు రాయండి.
3. పూల పలకల నేలకు తోడు రంగును ఎక్కడి నుంచి తీసుకోవాలి?