పెరటి కోళ్లపై పెంపుడు కుక్కల దాడి: కారణాలు, తక్షణ చర్యలు, నివారణ

సారాంశం

పెరటి కోళ్ల నష్టానికి కారణాలుగా వ్యాధులను, గద్దలను, అడవి పిల్లులను, ముంగిసలను పేర్కొనడం పరిపాటి. అదే ఇంట్లో పెరిగే కుక్క కూడా ఒక కారణమే. అయితే దానిని యాజమాన్య సమస్యగా గాక కుక్క దుర్గుణంగా భావించడం వల్ల కోడితోపాటు కుక్కనూ కోల్పోయే పరిస్థితి ఏర్పడుతోంది. దాడి వెనుకనున్న సహజ ప్రవర్తనను, గాయపడిన కోళ్లకు చేయవలసిన ప్రథమ చికిత్సను, వసతి మార్పులను, శిక్షణ పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. కోడిపిల్లల పంపిణీకి ముందే ఆ ఇంట్లోని కుక్కను పరిగణనలోకి తీసుకోవడం విస్తరణ సిబ్బంది బాధ్యతగా ప్రతిపాదిస్తుంది.

ముఖ్య పదాలు: పెరటి కోళ్లు, పెంపుడు కుక్క, వేట ప్రవర్తన, ప్రథమ చికిత్స, విస్తరణ

ఉపోద్ఘాతం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని మొత్తం కోళ్లు, బాతులు మొదలైన పెంపుడు పక్షులు 85.18 కోట్లు కాగా, వాటిలో పెరటి పక్షులు సుమారు 31.7 కోట్లు. 2012 గణనతో పోల్చినప్పుడు పెరటి పక్షుల సంఖ్య సుమారు 46 శాతం పెరిగింది. తెలుగు రాష్ట్రాల గ్రామాలలో ఈ పెంపకం ప్రధానంగా మహిళల చేతిలో ఉంది. గుడ్లు అమ్మగా వచ్చిన సొమ్ము ఎవరినీ అడగనవసరం లేకుండా ఆమె ఖర్చు చేసుకోగలిగిన సొమ్ము. పిల్లల కోడి మరణిస్తే నష్టం ఆ ఒక్క కోడితో ఆగదు. 21 రోజులు పొదిగి లేపిన పిల్లలు తల్లి రెక్కల వెచ్చదనం లేక కొన్ని, గద్దల పాలై కొన్ని నశిస్తాయి.

అదే ఇంట్లో కుక్క కూడా అవసరమైనదే. రాత్రివేళ కాపలాకు, పొలంలో కోతులను, పందులను తరమడానికి రైతు దానిపై ఆధారపడతాడు. ఇంటి పిల్లలకు అది చెలిమి. కనుక కుక్క కోడిని చంపిన రోజున ఆ ఇంట్లో తలెత్తే ప్రశ్న సులభమైనది కాదు. కుక్కను కొట్టడం, చచ్చిన కోడిని దాని మెడకు కట్టడం, ఊరికి దూరంగా వదిలివేయడం, కొన్నిచోట్ల విషం పెట్టడం వంటివి జరుగుతుంటాయి. వీటిలో ఏదీ మిగిలిన కోళ్లను కాపాడదు.

దాడి వెనుకనున్న ప్రవర్తన

కుక్క కోడిపై పడటానికి కోపం గాని, పగ గాని కారణం కాదు. చాలా సందర్భాలలో ఆకలి కూడా కారణం కాదు. కడుపునిండా తిన్న కుక్క కూడా కోళ్లను తరుముతుంది. కుక్కల ప్రవర్తనపై కృషి చేసిన రేమండ్ కోపింజర్, లోర్నా కోపింజర్ దంపతులు వేటను వరుస దశలుగా వివరించారు. గుర్తించడం, చూపు నిలపడం, నక్కుతూ సమీపించడం, తరమడం, పట్టడం, చంపడం, చీల్చి తినడం అనేవి ఆ దశలు. మానవుడు తన అవసరాలకు అనుగుణంగా కుక్కలను ఎంపిక చేసిన క్రమంలో కొన్ని జాతులలో కొన్ని దశలు బలపడగా మరికొన్ని బలహీనపడ్డాయి. వేటకు పెంచిన ముధోల్ వంటి జాతులలో తరిమే దశ బలంగా ఉంటుంది. మన గ్రామాలలోని నాటు కుక్కలలో ఈ స్వభావం ఒక్కో కుక్కలో ఒక్కో స్థాయిలో కనిపిస్తుంది.

రెక్కలు కొట్టుకుంటూ, అరుస్తూ పరుగెత్తే కోడి తరిమే దశను ప్రేరేపిస్తుంది. తరమడమే కుక్కకు ఆనందం, అదే దానికి బహుమతి. అందువల్లనే ఒకసారి కోడిని పట్టిన కుక్క మళ్లీ ప్రయత్నించే అవకాశం ఎక్కువ. ఒక కోడిని చంపి తినకుండా వదిలి మరొక దాని వెంట పడటానికీ ఇదే కారణం. మిగిలిన కోళ్లు పరుగెత్తుతున్నంతసేపు వేట ఆగదు. రెండు మూడు కుక్కలు కలిసినప్పుడు ఒంటరిగా సాధుస్వభావం గల కుక్క కూడా వాటితో చేరుతుంది.

దాడికి ముందు కుక్క శరీరంలో కొన్ని మార్పులు కనిపిస్తాయి. తల కిందికి వంచి కదలకుండా చూపు నిలుపుతుంది, చెవులు ముందుకు నిక్కుతాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, పిలిచినా తల తిప్పదు. చూపు నిలిపిన దశలో ఆపడం సాధ్యం. పరుగు మొదలైన తరువాత ఆపడం చాలా కష్టం. నివారణ చర్యలన్నిటికీ ఈ ఒక్క అంశమే ఆధారం.

దాడి జరిగిన వెంటనే చేయవలసినవి

మొదట కుక్కను కట్టివేయాలి. దాని నోటిలోని కోడిని పట్టి లాగితే కోడి చర్మం, కండరాలు చీలి గాయం పెద్దదవుతుంది. లాగుతున్న చేతికి కుక్క కాటు తగిలే ప్రమాదమూ ఉంది. మెడపట్టీని పట్టి నిలిపి, తిండి వంటి దానితో దృష్టి మళ్లించి విడిపించాలి. ఈ పెనుగులాటలో మనిషికి కాటు గాని, గోటి గీత గాని తగిలితే ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలపాటు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తమ ఇంటి కుక్కే కదా అని ఉపేక్షించరాదు.

తరువాత కోళ్లను లెక్కించాలి. భయపడిన కోళ్లు కంపల కింద, గడ్డివాముల్లో దాగి ఉంటాయి. చీకటి పడకముందే వెదకి గూటికి చేర్చాలి. తల్లిని కోల్పోయిన పిల్లలను గంప కింద ఉంచి వెచ్చదనం కల్పించాలి.

గాయపడిన కోడిని మిగిలిన వాటినుండి వేరుచేయడం తప్పనిసరి, ఎందుకంటే రక్తాన్ని చూసిన కోళ్లు గాయాన్ని పొడుస్తాయి. గడ్డి పరచిన గంపలో, వెలుతురు తక్కువగా ఉండే వెచ్చని చోట ఉంచి, తాగడానికి నీరు అందుబాటులో పెట్టాలి. కుక్క పళ్లు చేసే గాయం పైకి చిన్న రంధ్రంగా కనిపించినా లోపల లోతుగా ఉంటుంది. ఈకలు దానిని కప్పివేస్తాయి. కనుక వీపు, రెక్కల కింది భాగం, తొడలు, తోక మొదలు వద్ద ఈకలను తొలగించి పరిశీలించాలి. చర్మం కింద గాలి చేరి, తాకినప్పుడు చిటపటమన్నట్లు తెలిస్తే గాలి సంచులు దెబ్బతిన్నాయని అనుమానించాలి.

లీటరు నీటిని మరిగించి చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంతో గాయాన్ని కడిగి, పలుచన చేసిన పొవిడోన్ అయోడిన్ పూయాలి. లోతైన రంధ్రాలను కుట్టి మూయడం వల్ల లోపల చీము చేరుతుంది. కుక్కల నోటిలో ఉండే పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవుల వల్ల గాయం త్వరగా విషమించవచ్చు గనుక పశువైద్యుని సలహాపై యాంటీబయాటిక్ వాడాలి. ఆ మందు ప్రభావం తొలగే వరకు గుడ్లను, మాంసాన్ని వినియోగించరాదు. ఈగలు వాలి పురుగు పడకుండా దోమతెరతో గంపను కప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాలలో సంచార పశువైద్య సేవలకు 1962 నంబరును సంప్రదించవచ్చు.

పైకి గాయం లేని కోడి కూడా ఒకటి రెండు రోజులలో దిగ్భ్రాంతి వల్ల మరణించవచ్చు. బ్రతికిన కోళ్లు కొన్నాళ్లు గుడ్లు పెట్టడం మానవచ్చు. ఈ విషయాన్ని రైతు మహిళకు ముందుగానే చెప్పడం వల్ల ఆమె వాటిని పనికిరానివని తొందరపడి అమ్ముకోకుండా ఉంటుంది. చనిపోయిన కోళ్లను లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. వాటిని కుక్కకే వేయడం సరికాదు. కుక్క ప్రవర్తనలో ఆకస్మిక మార్పు, చొంగ కారడం, కారణం లేకుండా మనుషులను కరవడం వంటివి కనిపిస్తే దానిని వేటగా భావించక, రేబిస్‌గా అనుమానించి వెంటనే పశువైద్యునికి తెలపాలి.

శిక్ష ఎందుకు ఫలించదు

శిక్షకూ చేసిన పనికీ మధ్య కొన్ని క్షణాలకు మించి వ్యవధి ఉంటే కుక్క ఆ రెంటినీ జోడించుకోలేదు. సాయంత్రం పొలం నుండి వచ్చిన యజమాని మధ్యాహ్నం చచ్చిన కోడిని చూపి కొడితే, యజమాని రాకనే అది భయంతో జోడించుకుంటుంది. చచ్చిన కోడిని మెడకు కట్టే పద్ధతిలోనూ ఇదే లోపం ఉంది. కదలని కళేబరం కుక్కకు పరుగెత్తే కోడిని గుర్తు చేయదు. కుళ్లుతున్న కళేబరం మాత్రం ఇంటికి రోగకారకమవుతుంది. దండనకు భయపడిన కుక్క మనుషుల ముందు ఊరకుండి, వారు లేనప్పుడు తరమడం నేర్చుకుంటుంది.

కుక్కను ఊరవతల వదలడం సమస్యను మరొకరి పెరటికి తరలించడమే. తిండి లేక బాధపడే స్థితిలో పెంపుడు జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం కూడా శిక్షార్హం. పైగా విషం కలిపిన మాంసాన్ని ఇతర జంతువులు, పక్షులు తినే ప్రమాదం ఉంది.

వేరుచేయడం: మొదటి రక్షణ

శిక్షణకు వారాలు పడుతుంది. వేరుచేయడం అదే రోజు ప్రారంభించవచ్చు.

1. కాల విభజన: కోళ్లు మేతకు తిరిగే పగటివేళ కుక్కను నీడ, నీరు ఉన్నచోట కట్టి ఉంచి, కోళ్లు గూటికి చేరి తలుపు వేసిన తరువాత విడవాలి. రాత్రి కాపలాకు కుక్క స్వేచ్ఛగా ఉంటుంది గనుక ఈ పద్ధతికి రైతులు సులభంగా అంగీకరిస్తారు. అయితే రోజంతా కట్టి ఉంచిన కుక్క విడిచినప్పుడు మరింత ఉద్రేకంగా ఉంటుంది. ఉదయం, సాయంత్రం దానిని నడిపించాలి.

2. స్థల విభజన: షట్కోణపు కోళ్ల జాలి కోళ్లను లోపల ఉంచుతుందే గాని బలమైన కుక్కను ఆపలేదు. వెల్డింగు జాలి మేలు. ఎత్తు 5 నుండి 6 అడుగులు ఉండాలి. కుక్క తవ్వకుండా జాలిని ఒక అడుగు లోతున పాతాలి, లేదా బయటివైపు నేలపై రెండు అడుగులు పరచి రాళ్లు పెట్టాలి. జాలి కొనలేని ఇంట్లో దగ్గరగా అల్లిన వెదురు తడికకు తుమ్మకంప చేర్చి కట్టవచ్చు.

3. గూడు: నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున, గడియ ఉన్న తలుపుతో ఉండాలి. పొదిగే కోడికి, పిల్లల కోడికి వేరు అర ఉండాలి.

శిక్షణ

కుక్కపిల్ల సామాజికంగా అలవాట్లు నేర్చుకునే కీలక కాలం సుమారు 3 నుండి 12 వారాల వయస్సు. ఈ కాలంలో అదుపులో ఉంచి కోళ్లను చూపితే అవి దానికి ఇంటిలో భాగమవుతాయి. ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ వద్ద మిడిల్ ఐలండ్‌లో 2006లో మరెమ్మా జాతి కుక్కలను చిన్న పెంగ్విన్లకు నక్కలనుండి కాపలాగా వినియోగించడం ప్రారంభించారు. ఎంపిక, పెంపకం, పర్యవేక్షణ కలిస్తే కుక్క పక్షులకు రక్షకురాలు కాగలదనడానికి ఇది నిదర్శనం. అయితే ఏ కుక్కైనా అట్లే మారుతుందని దీని అర్థం కాదు.

పెరిగిన కుక్కకు ఈ క్రమాన్ని అనుసరించవచ్చు. నడిపించి అలసట తీర్చిన తరువాత మెడపట్టీకి తాడు కట్టి, గంప కింద ఉన్న కోడికి దూరంగా నిలపాలి. కుక్క కోడిని గమనించినా తాడును లాగనంత దూరమే సరైన దూరం. పేరు పెట్టి పిలిచినప్పుడు చూపు మరల్చితే వెంటనే ఇష్టమైన తిండి ఇవ్వాలి. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి 5 నుండి 10 నిమిషాలు చాలు. దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తరువాత కోడిని విడిచి కుక్కను తాడుతోనే ఉంచాలి. చూపు నిలిచి ఒళ్లు బిగిస్తే తొందరపడ్డామని గ్రహించి వెనుకటి దూరానికి మరలాలి. ఒకసారి కోడిని చంపిన కుక్కను శిక్షణ తరువాత కూడా పర్యవేక్షణ లేకుండా కోళ్ల మధ్య విడవరాదు.

విస్తరణ సిబ్బంది పాత్ర

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజ వంటి రకాలలో రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు శత్రువులనుండి తప్పించుకోవడానికి కొంత తోడ్పడతాయి. అయితే గోడలున్న ఇరుకు పెరటిలో ఇంటి కుక్కనుండి తప్పించుకోవడానికి ఈ లక్షణాలు చాలవు. పైగా ఒకేసారి దిగిన కొత్త పిల్లల గుంపు, పాత కోళ్లకు అలవాటుపడిన కుక్కకు సైతం కొత్త ప్రేరణే. కనుక పిల్లల పంపిణీకి ముందు నాలుగు ప్రశ్నలు అడగడం ఉచితం: ఇంట్లో గాని, పొరుగున గాని కుక్క ఉందా? అది ఇదివరకు కోడిని తరిమిందా? పగటివేళ ఎవరు ఇంట్లో ఉంటారు? గూటికి గడియ ఉందా?

కోళ్లు ఇల్లాలివి, కుక్క భర్తది లేదా కొడుకుది అయిన ఇళ్లలో సలహాను ఒక్కరికే చెప్పి రావడం సరిపోదు. కుక్కను కట్టవలసిన వ్యక్తి సమక్షంలోనే చెప్పి, ఆ పని ఎవరిదో అక్కడే నిర్ణయింపజేయాలి. దాడి జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు తప్పు ఎవరిదని విచారించకుండా, మిగిలిన కోళ్ల లెక్కతో సంభాషణ ప్రారంభించడం మంచిది. కోడి పోయిన బాధను చిన్నదిగా చేసి మాట్లాడరాదు. ఆమెకు అది కొన్ని నెలల శ్రమ, ఆదాయం.

ముగింపు

పెంపుడు కుక్క దాడి సహజ ప్రవర్తన ఫలితం. దండనతో అది తొలగదు, యాజమాన్యంతో అదుపులోకి వస్తుంది. అదే రోజు వేరుచేయడం, వారాలపాటు ఓపికతో శిక్షణ ఇవ్వడం, ఎప్పటికీ పర్యవేక్షణ మానకపోవడం అనే మూడింటిని పాటించిన ఇంట్లో కోళ్ల రాబడి, కుక్క కాపలా రెండూ నిలుస్తాయి. పెరటి కోళ్ల శిక్షణ తరగతులలో టీకాలు, మేతలతోపాటు ఈ అంశాన్నీ పాఠంగా చేర్చడం అవసరం.