చిన్న బడ్జెట్‌లో బ్లూటూత్ స్పీకర్: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వరంగల్ మట్టెవాడలో ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషన్ వేసుకుని రోజంతా పనిచేసే మహిళ పాటలు వినడానికి ఒక స్పీకర్ కొనాలి. బడ్జెట్ రెండు వేలు. ఎన్ని వాట్లది తీసుకోవాలి?

జవాబు: వాట్ల లెక్క తర్వాత, ముందు గది లెక్క. పదడుగుల గదిలో మిషన్ ముందు కూర్చున్న మనిషి చెవికీ, పక్క అల్మారాలో పెట్టిన స్పీకర్‌కీ మధ్య దూరం మూడు నాలుగు అడుగులు. అంత దగ్గరికి 5 వాట్ల స్పీకర్ చాలు. 10 వాట్లది కొంటే రెండింతలు వినిపిస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది "కొంచెం పెంచారేమో" అన్నంత తేడా. నిజంగా రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. అందుకే 5కీ 8కీ మధ్య, 10కీ 12కీ మధ్య తేడా కోసం నాలుగైదు వందలు ఎక్కువ పెట్టడం దండగ.

అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె కూడా ఒక్కో చోట ఒక్కో అర్థంతో ఉంటుంది. ఆగకుండా ఇవ్వగలిగే శక్తిని ఆర్‌ఎంఎస్ వాట్లలో చెబుతారు. 'పీఎంపీఓ' అనో 'పీక్' అనో రాస్తే అది క్షణకాలం తాకగలిగే గరిష్ఠం, పోలికకు పనికిరాని అంకె. అరచేతిలో పట్టే డబ్బా మీద వందల వాట్లు రాసి ఉంటే దాన్ని అక్కడే పెట్టేయడం మంచిది.

పెట్టే చోటు కూడా వాట్లంత పని చేస్తుంది. మిషన్ బల్ల మీదే పెడితే మోటారు అదురు స్పీకర్‌కి తగిలి గరగర మొదలవుతుంది. వేరే అరలో, చెవి ఎత్తున, గోడకు దగ్గరగా పెడితే అదే స్పీకర్ మరింత నిండుగా పలుకుతుంది. గది మూలలోకి జరిపితే బేస్ ఇంకా పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: దుకాణంలో విన్నప్పుడు ప్రతి స్పీకర్ బాగానే అనిపిస్తుంది, ఇంటికి తెచ్చాక పాటలో మాట అర్థం కాదు. కొనేముందు ఎలా పరీక్షించాలి?

జవాబు: వరంగల్ చౌరస్తా అయినా, జేపీఎన్ రోడ్డు అయినా, హనుమకొండ అయినా, దుకాణంలో డెమోకి పెట్టేది సాధారణంగా దరువు బాగా ఉన్న పాటే. చుట్టూ బండ్ల హారన్లు, మనుషుల మాటలు. ఆ రొదలో బేస్ ఒక్కటే పైకి తేలుతుంది, మిగతా లోపాలన్నీ దాని కింద దాక్కుంటాయి.

ఎందుకలా అన్నది తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. డప్పు, డోలు వంటి బరువైన ధ్వని పుట్టాలంటే గాలిని ఎక్కువగా కదిలించాలి. ఈ ధరలో దొరికే స్పీకర్ లోపలి కోన్ వెడల్పు చాలావరకు 40 నుంచి 52 మిల్లీమీటర్లు. అంత చిన్నదానితో నిజమైన బేస్ రాదు. కొంత సాయానికి కంపెనీలు పక్కల రబ్బరు పొర ఒకటి బిగిస్తాయి. లోపలి గాలి ఒత్తిడికి అది కూడా కదిలి గుబగుబ పెంచుతుంది. ఇంతవరకు మంచిదే. అదీ చాలక కొన్ని మోడళ్లలో 100, 200 హెర్ట్జ్ దగ్గరి ధ్వనిని కృత్రిమంగా ఉబ్బిస్తారు. అప్పుడు పాడే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. మాట స్పష్టతకు కీలకమైనవి 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ధ్వనులు. శ, ష, స వంటి ఊదే అక్షరాలు ఇంకా పైకి వెళతాయి.

కాబట్టి సొంత ఫోన్, సొంత పాటలు తీసుకెళ్లాలి. బాగా అలవాటైన పాత పాట ఒకటి, ఆడ గొంతుతో ఉన్నదైతే మేలు. నాదస్వరమో వేణువో ఉన్నది ఒకటి. మూడోది పాట కాదు, తెలుగు వార్తలు. వార్తలు చదివే మనిషి 'శాసనసభ' అన్నప్పుడు శ, స విడివిడిగా వినిపిస్తున్నాయా, 'కళ', 'కల' తేడా తెలుస్తోందా చూడాలి. అక్కడ తేలిపోయిన స్పీకర్ ఎంత దరువు వేసినా ఇంట్లో రెండు రోజులకే విసుగు పుట్టిస్తుంది. ఆ తర్వాత వాల్యూమ్‌ను సగం దగ్గర ఒకసారి, చివరిదాకా ఒకసారి పెట్టి వినాలి. చివర్లో చిటపట వస్తే, గొంతు పగిలితే, ఆ స్పీకర్ అసలు సత్తా ముప్పాతిక దాకానే అని లెక్క.

రెండు మోడళ్లను పోల్చేటప్పుడు రెండింటి మోత సమానంగా ఉండాలి. కొంచెం ఎక్కువ మోగేదే మంచిదని మనిషి చెవి అనుకుంటుంది. ఇది అందరి చెవులకూ ఉన్న బలహీనత. అమ్మే మనిషి ఖరీదైనదాని వాల్యూమ్ కాస్త పెంచి వినిపిస్తే చాలు, కొనే మనిషి చెయ్యి అటే వెళుతుంది. అందుకని వాల్యూమ్ బటన్ కొనేవాళ్ల చేతిలోనే ఉండాలి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ప్రశ్న: పెట్టె మీద ఒకదానికి 12 గంటలు, ఇంకోదానికి 24 గంటలు బ్యాటరీ అని ఉంటుంది. నమ్మవచ్చా?

జవాబు: చిన్న గుణకారంతో తేల్చుకోవచ్చు. బ్యాటరీ 2,000 ఎంఏహెచ్ అనుకుంటే, లిథియం సెల్ 3.7 వోల్టులది కాబట్టి లోపల దాచిన శక్తి 7.4 వాట్-అవర్స్. అది 24 గంటలు రావాలంటే సగటున 0.3 వాట్లే ఖర్చు కావాలి. అంటే పక్కనే కూర్చుని మెల్లగా వినడం. పాటలో మోత ప్రతి క్షణం ఒకేలా ఉండదు కనుక మామూలు వాడకంలో సగటు ఖర్చు రాసిన వాట్ల కంటే చాలా తక్కువే, అందువల్ల కంపెనీ మాట పూర్తిగా అబద్ధం కాదు. వాల్యూమ్ సగం దగ్గర పెట్టి కొలిచిన గంటలవి. ఎక్కువ మోతతో వింటే అందులో సగమో అంతకంటే తక్కువో వస్తుంది. రంగురంగుల లైట్లు వెలిగే మోడళ్లలో ఇంకా తగ్గుతుంది. లైట్లను ఆపేసే బటన్ లేని స్పీకర్‌ను వదిలేయాలి.

ఛార్జింగ్‌కి టైప్-సీ పోర్టు ఉన్నదే తీసుకోవాలి. ఇంట్లో ఫోన్ ఛార్జర్ వైరే సరిపోతుంది, అది పాడైనా కిరాణా కొట్లో కూడా ఇంకోటి దొరుకుతుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండ వరంగల్‌కు కొత్త కాదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు, ఎండలో నిలిపిన కారు లోపల వేడి దానికంటే చాలా ఎక్కువ. కిటికీ ఎండలో ఛార్జింగ్ పెట్టడం, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం బ్యాటరీ ఆయుష్షును తినేస్తాయి. నెలల తరబడి వాడనప్పుడు పూర్తిగా ఖాళీ చేసి పక్కన పడేయకుండా సగం ఛార్జ్‌తో ఉంచాలి.

ప్రశ్న: 'వాటర్‌ప్రూఫ్' అంటే బట్టలుతికే చోట పెట్టుకోవచ్చా?

జవాబు: ఆ మాట పక్కన ఐపీ సంఖ్య ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆ మాటకు విలువ లేదు. ఐపీఎక్స్4 అంటే చిలకరింపులకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్5 పైపు ధారకు, ఐపీఎక్స్7 మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుంది. మధ్యలో ఎక్స్ అంటే దుమ్ము పరీక్ష అంకె చెప్పలేదని అర్థం. ఆ పరీక్షలన్నీ మంచినీళ్లతో జరిగేవి, సబ్బు నీళ్లకు వర్తించవు. ఛార్జింగ్ పోర్టు రబ్బరు మూత సరిగా పడకపోతే ఏ సంఖ్యా కాపాడదు. ఉతికే చోటికి ఐపీఎక్స్5 చాలు.

ప్రశ్న: వాడకట్టు మహిళలంతా కలిసి బతుకమ్మకు ఒక స్పీకర్ కొనాలనుకున్నారు. చందా మూడు వేలు. నలభై, యాభై మంది ఆడతారు. చేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ సరిపోతుందా?

జవాబు: అరచేతి స్పీకర్ సరిపోదు. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పి చెవికి ఇస్తాయి. ఆరుబయట ఆ సాయం ఉండదు, దూరం రెండింతలైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. మీటరు దూరంలో 85 డెసిబెల్స్ మోగే స్పీకర్ రెండు మీటర్ల దగ్గర 79, నాలుగు మీటర్ల దగ్గర 73, ఎనిమిది మీటర్ల దగ్గర 67కి దిగుతుంది. యాభై జతల చప్పట్ల మధ్య ఆ 67 వినపడదు.

ఇక్కడ పెట్టే చోటే సగం పని చేస్తుంది. సాధారణంగా స్పీకర్‌ను ఏదో ఒక ఇంటి అరుగు మీద, ప్లగ్గు దగ్గరగా పెడతారు. అప్పుడు ఆ పక్క ఆడేవాళ్లకు చెవులు గింగురుమంటాయి, అవతలి పక్కవాళ్లకు పాట అందదు, వలయం రెండు తాళాల్లో తిరుగుతుంది. బతుకమ్మలు పేర్చిన చోటే, నడుమ, ఒక స్టూలు మీద పెడితే వలయంలో ప్రతి ఒక్కరికీ దూరం సమానం. నాలుగు వైపులకూ ధ్వని వెదజల్లే గుండ్రటి మోడల్ అయితే ఇంకా మంచిది. ఛార్జింగ్‌తో నడిచే స్పీకర్‌కి వైరు అక్కరలేదన్న సౌకర్యం బతుకమ్మ దగ్గర నిజంగా ఉపయోగపడేది ఇందుకే.

ఒకరు పాట చెబితే మిగతావాళ్లు అందుకునే ఆట ఇది. చెప్పే గొంతును ఫోన్ మైకు నుంచి బ్లూటూత్ ద్వారా స్పీకర్‌కి పంపాలని చూస్తే పాట చెడుతుంది. ధ్వనిని కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి సెకనులో పదోవంతు నుంచి పావువంతు దాకా ఆలస్యమవుతుంది. పాడే మనిషికి తన గొంతే వెనక నుంచి తరుముతున్నట్టు వినిపించి తాళం తప్పుతుంది. మైకు నేరుగా స్పీకర్‌కే కలిసేలా ఉండాలి. చందా డబ్బుతో మైకు పెట్టుకునే వీలున్న చక్రాల స్పీకర్, అంటే ట్రాలీ స్పీకర్, చిన్నది చూసుకోవడం సరైన నిర్ణయం. లేదంటే ఒకే మోడల్ చిన్న స్పీకర్లు రెండు కొని జతగా కలిపి నడిపించవచ్చు. అన్ని మోడళ్లూ అలా కలవవు కాబట్టి టీడబ్ల్యూఎస్ సౌకర్యం ఉందని అడిగి తెలుసుకోవాలి. తొమ్మిది రోజులు పోను మిగతా ఏడాదంతా ఆ రెండూ రెండిళ్లలో పనికొస్తాయి.

ఆడే వేళ, చోటు కూడా చూసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆసుపత్రుల చుట్టూ కనీసం వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పక్క గల్లీల్లో ఆడేవాళ్లు ఈ మాట తప్పక పట్టించుకోవాలి. నాలుగైదు జిల్లాల రోగులు ఆ గోడల వెనకే పడుకుని ఉంటారు.

ప్రశ్న: బ్లూటూత్ 5.0 కంటే 5.3 ఉన్నది కొంటే పాట బాగుంటుందా?

జవాబు: పాట నాణ్యతలో తేడా ఉండదు. ఈ ధరలో చాలా స్పీకర్లు ధ్వనిని అందుకునేది ఎస్‌బీసీ అనే పాత పద్ధతిలోనే, వెర్షన్ అంకె దాన్ని మార్చదు. అందే దూరం సుమారు పది మీటర్లు అని చెబుతారు గానీ పాత ఇళ్ల మందపాటి గోడ ఒకటి అడ్డొస్తే అందులో సగమే.

ప్రశ్న: ఫోన్ వాడటం రాని డెబ్బై ఏళ్ల తండ్రికి ఏది కొనాలి?

జవాబు: బ్లూటూత్ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. మెమరీ కార్డు లేదా పెన్‌డ్రైవ్ పెట్టే చోటు, ఎఫ్ఎం రేడియో, వేలితో తడిమితే తెలిసే పెద్ద బటన్లు ఉండాలి. ఘంటసాల పాటలో, భజనలో ఒక కార్డులో ఎక్కించి ఇస్తే స్విచ్ వేయగానే పాట మొదలవుతుంది. స్విచ్ వేసినప్పుడు ఇంగ్లిష్‌లో గట్టిగా అరిచే స్వాగత వాక్యం ఉన్న మోడళ్లు పెద్దవాళ్లను ఉలిక్కిపడేలా చేస్తాయి. దుకాణంలో ఒకసారి ఆన్ చేసి చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొనాలా, బజారులోనా? ఏ కంపెనీది?

జవాబు: చెవితో విని కొనాల్సిన వస్తువు కాబట్టి వినడానికైనా బజారుకు వెళ్లాలి. ధర ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలు తక్కువ ఉన్నా, చెడిపోయినప్పుడు మార్చి ఇచ్చేది ఎవరన్నది ముందే తేల్చుకోవాలి. ఈ బడ్జెట్‌లో బోట్, జెబ్రానిక్స్, పోర్ట్రానిక్స్, హైదరాబాద్ కంపెనీ మివి వంటివి దొరుకుతాయి. జేబీఎల్, సోనీల్లో చిన్నవి కొంచెం ఎక్కువ ధరకు వస్తాయి. పేరు చూసి కాక, వరంగల్‌లోనో హనుమకొండలోనో సర్వీస్ సెంటర్ ఉందా అన్నది చూసి ఎంచుకోవాలి.

బ్లూటూత్ స్పీకర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. పెట్టె మీదో స్పీకర్ అడుగునో ఆ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. పేరున్న కంపెనీ ముద్రతో సగం ధరకే అమ్మే నకిలీలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. ఎమ్మార్పీ, తయారీ లేదా దిగుమతి చేసినవారి చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు లేని పెట్టెను ముట్టుకోకూడదు.

బిల్లు లేకుండా తీసుకుంటే వంద తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ వంద రూపాయలు ఏడాది వారంటీ ధర. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకుని, ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోవాలి. వేడి కాగితం మీద అచ్చయిన బిల్లు అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. వారంటీలో ఉన్న స్పీకర్‌ను బాగుచేయకుండా తిప్పుతుంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా పని కాకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.