హృద్రోగి – జీవన నాణ్యత

విద్యార్థులారా! మన విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టు తల్లులు, కార్ఖానాలలో చద్దరులు, తువ్వాళ్లు నేయు తండ్రులు గల యిండ్లు పెక్కు. అట్టి యింట నొకరు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు బంధువులందఱు మొదట నడుగునది "ప్రాణభయము లేదు గదా?" అనియే. ఆ ప్రశ్న సహజమే. కాని ప్రాణము నిలుచుట యొకటి, నిలిచిన ప్రాణముతో సుఖముగా జీవించుట మఱియొకటి. ఈ రెండవదానినే జీవన నాణ్యత యందురు.

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతివేళ నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తమును దేహమునకు పంపును. అది బలహీనమైనచో ఊపిరితిత్తులలోను, పాదములలోను నీరు చేరును. నాలుగడుగులు వేసినచో ఆయాసము వచ్చును, వెల్లకిల పండుకొనినచో ఊపిరాడదు, నిద్ర రాదు. దేహబాధకు మనోవ్యథ తోడగును. వేయి బీడీలకింత యని కూలి తీసికొను తల్లికి చేతులు ఆగిననాడు కూలియు ఆగును. "పిల్లలకు బరువైతిని" అను చింత ఆమెను ఆసుపత్రి మంచముపై సైతము వేధించును.

రక్తపోటును యంత్రము కొలుచును. ఈ చింతను మాత్రము రోగిని అడిగియే తెలిసికొనవలెను. అందులకై 1984లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 21 ప్రశ్నల పట్టికను కూర్చిరి. కాళ్లు వాచుచున్నవా, మెట్లెక్కుట కష్టమా, రాత్రి నిద్రపట్టుచున్నదా, సంపాదనకు ఆటంకము కలిగినదా, ఇంటివారికి భారమైతినని తోచుచున్నదా – ఇట్టివి ఆ ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 0 మొదలు 5 వఱకు అంకె వేయుదురు, మొత్తము 105. మన పరీక్షలవలె గాక, ఇందు అంకె తగ్గినకొలది మేలు.

రోగి సుఖమును గమనించుటచే వైద్యపద్ధతియే మారుటయు గలదు. పూర్వము గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి మంచము దిగనిచ్చెడివారు కారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అట్టి రోగులను త్వరలోనే కుర్చీలో కూర్చుండబెట్టి, దానివలన హాని లేదనియు, వారి మనస్సు తేటపడుననియు ప్రకటించిరి. నేడు వైద్యుని అనుమతితో కొలది దినములలోనే నడిపింతురు.

ఇక మన షోలాపురపు సంగతి. ఇచ్చటి ఆసుపత్రులలో వ్యవహారము హెచ్చుగా మరాఠీలో జరుగును. మన పెద్దలలో పలువురికి మనస్సులోని బాధ తెలుగుననే వచ్చును. చిక్కు ఇచ్చటనే. ఊపిరి సలుపకుండుటను మనము ఆయాస మందుము. మరాఠీలో 'ఆయాస్' అనగా శ్రమ. అవ్వ "ఆయాసము" అనినచో, వినువారు పని అలసటయని తలపవచ్చును. అప్పుడు చెప్పవలసినది 'ధాప్ లాగతే' అని. కాళ్లవాపు 'పాయావర్ సూజ్'. ఛాతీనొప్పి 'ఛాతీత్ దుఖతే'.

ఉభయభాషలు నేర్చిన మీరే ఇందుకు వారధులు. రోగిని తెలుగున నెమ్మదిగా అడుగుడు. విన్నదానిని తగ్గింపక, పెంపక వైద్యునకు మరాఠీలో చెప్పుడు. వైద్యుని మాటను అట్లే మరల తెలుగున వినిపింపుడు. కూలి చింతయు చెప్పదగిన బాధయే.

ఇల్లు చేరిన పిదప ఈ నియమములు మఱువరాదు. వైద్యుడు వేఱుగా చెప్పనిచో, దినమునకు ఉప్పు మొత్తము 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పును ఈ లెక్కలోనిదే. బీడీ, సిగరెట్టు పొగ రోగి దరి చేరరాదు. మందులను సొంతముగా మానరాదు. ప్రతి ఉదయము బరువు చూచుకొనవలెను. మూడు దినములలో 2 కిలోలు పెరిగినచో, లేక కాళ్లు వాచినచో, వైద్యునకు తెలుపవలెను. ఛాతీనొప్పి, ఊపిరాడకుండుట కలిగినచో తెల్లవాఱు వఱకు వేచియుండక 108కి ఫోను చేయవలెను.

అభ్యాసము

1. ప్రాణము నిలుచుటకును, జీవన నాణ్యతకును భేదమేమి?
2. 'ఆయాసము' అను మాట తెలుగు, మరాఠీ భాషలలో ఏయే అర్థముల నిచ్చును?
3. మీ యింటి పెద్దలు తమ దేహబాధలను తెలుపుటకు వాడు తెలుగు మాటలు పది వ్రాసి, వాటి ఎదుట మరాఠీ మాటలను చేర్చుడు. ఆ కాగితమును ఇంటిలో భద్రపఱచుడు.